సింథ్ ప్యాడ్ పలచగా వినిపిస్తోందా? కొత్త పరికరం కొనే ముందు ఇది చదవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 'బ్లేడ్ రన్నర్' సినిమాకి సంగీత దర్శకుడు వాంజెలిస్ చేసిన సంగీతం విని, అలాంటి సౌండ్ సొంతంగా చేయాలని ల్యాప్‌టాప్‌లో వైటల్ అనే ఉచిత సింథ్, అంటే శబ్దాన్ని పుట్టించే సాఫ్ట్‌వేర్ వాయిద్యం, పెట్టుకున్నారు. ప్యాడ్, అంటే వెనక పరుచుకుని నిలిచే పొడుగాటి శబ్దం, చేస్తే పలచగా, ప్లాస్టిక్‌లా వస్తోంది. దాచుకున్న 40,000 రూపాయలు పెట్టి అసలైన అనలాగ్ సింథ్ కొంటే ఆ నిండుతనం వస్తుందా అన్నది మొదటి ప్రశ్న. స్నేహితుడి షార్ట్ ఫిల్ముకి నెలలోపు ఆర్ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) ఇవ్వాలి, ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండోది. మన రాగాలు ఈ సౌండ్‌లో ఇముడుతాయా అన్నది మూడోది.

కొనకండి. కనీసం ఈ నెల కొనకండి. నేను పద్దెనిమిదేళ్లుగా కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్తున్నాను, సీరియళ్లకి, షార్ట్ ఫిల్ములకి, అప్పుడప్పుడు సినిమాల ఆర్ఆర్‌కి కూడా. ఈ పని నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చినవాళ్లు మొదట వినిపించే ప్యాడ్‌లో నాకు దాదాపు ప్రతిసారీ కనబడే లోపం ఒక్కటే. మీట నొక్కిన క్షణంలో ఆ శబ్దం ఎలా ఉందో ఎనిమిది సెకన్ల తర్వాత కూడా అచ్చం అలాగే ఉంటుంది. అందులో ఏదీ కదలదు. మన చెవి అర సెకనులో దాన్ని పట్టేసి ఇక వినడం మానేస్తుంది. మీరు పలచన అంటున్నది అదే. 40,000 పెట్టి కొన్న పెట్టెలోంచి కూడా కదలని శబ్దం తీస్తే అదీ పలచగానే ఉంటుంది.

వాంజెలిస్ దగ్గర ఉన్నది యమహా సీఎస్-80, 1977లో వచ్చిన వాయిద్యం. ఎనిమిది స్వరాలు ఒకేసారి పలుకుతాయి, ఒక్కో స్వరానికి రెండు పొరలు. 80 కిలోల పైగా బరువు, ఒక్కడు ఎత్తలేడు. కాసేపటికే శ్రుతి కొంచెం కొంచెం జారిపోయేది, అదీ అన్ని స్వరాలకీ ఒకేలా కాదు, దేని దారి దానిదే. కానీ అసలు సంగతి మీటల్లో ఉంది. నొక్కి పట్టుకున్న తర్వాత వేలితో ఇంకొంచెం ఒత్తితే, ఆ ఒత్తిడిని ఒక్కో మీట విడివిడిగా గుర్తుపడుతుంది. మూడు వేళ్లతో ఒక కార్డ్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు, పట్టుకుని చిటికెన వేలు మాత్రం ఒత్తారనుకోండి, పై స్వరం ఒక్కటే ప్రకాశిస్తుంది, కింది రెండూ అలాగే నీడలో ఉంటాయి. మీటల పైన ఒక పొడుగాటి రిబ్బన్ ఉంటుంది, దాని మీద వేలు జరిపితే స్వరం జారుతుంది. వాంజెలిస్ స్వరలిపి రాసుకుని వాయించే మనిషి కాదు. లండన్‌లో తన నీమో స్టూడియోలో కూర్చుని తెర మీద బొమ్మ నడుస్తుంటే చూస్తూ వాయించేవాడు. 1982లో సినిమా వస్తే అసలు సంగీతం ఆల్బమ్‌గా అధికారికంగా బయటికి వచ్చింది 1994లో. అంతవరకూ జనానికి దొరికింది వేరే ఆర్కెస్ట్రా వాయించిన రూపం మాత్రమే, అందులో స్వరాలు అవే, ఆ చెయ్యి మాత్రం లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి, నేను చెప్పేది ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

కాబట్టి మనం చేయాల్సింది ఆ కదలికని మీ ల్యాప్‌టాప్‌లోకి తేవడం. వైటల్ తెరిచి, ముందే తయారుచేసి ఇచ్చిన సౌండ్లు, అదే ప్రీసెట్లు, అన్నీ పక్కన పెట్టి, ఖాళీ ప్యాచ్‌తో మొదలుపెట్టండి.

శబ్దాన్ని పుట్టించే భాగం ఆసిలేటర్. మొదటి ఆసిలేటర్‌కి రంపపు తరంగం, అదే సా వేవ్, పెట్టండి. ఇందులో అన్ని హార్మోనిక్స్, అంటే మూల స్వరంతో పాటు దాని పైన మోగే స్వరాలు, ఉంటాయి కాబట్టి చెక్కడానికి సరుకు ఎక్కువ. రెండో ఆసిలేటర్‌కీ అదే పెట్టి, శ్రుతి మాత్రం 8 సెంట్లు పైకి జరపండి. సెంట్ అంటే అర స్వరంలో నూరో వంతు. ఇప్పుడు 220 హెర్ట్జ్ ఉన్న స్వరం ఒక్కటే పట్టుకుని, కళ్లు మూసుకుని వినండి. సెకనుకి ఒక్కసారి శబ్దం మెల్లగా ఉబ్బి తగ్గుతుంది, ఊపిరి తీసినట్టు. తంబురా రెండు సారణి తీగలు శ్రుతిలోకి వస్తూ వస్తూ ఇంకా పూర్తిగా కలవని ఆ క్షణం గుర్తుందా? అదే ఇది. ఒక ఆక్టేవ్ (సా నుంచి పై సా) పైకి వెళ్తే ఈ ఊపు రెట్టింపవుతుంది, రెండు ఆక్టేవ్‌లు కిందికి వెళ్తే నాలుగు సెకన్లకి ఒకసారి వస్తుంది. అందుకే కింది స్వరాలు గంభీరంగా, పై స్వరాలు కొంచెం కంగారుగా ఉంటాయి. చాలామంది ఇక్కడ ఒకే స్వరాన్ని చాలా గొంతులుగా చేసే యూనిసన్ నాబ్‌ని ఏడో ఎనిమిదో గొంతులకి తిప్పేస్తారు. వెంటనే పెద్దగా వినిపిస్తుంది, నిజమే, కానీ ఈ ఊపిరి పోయి ఒక రొద మిగులుతుంది. రెండు చాలు.

తర్వాత ఫిల్టర్. కింది శబ్దాన్ని వదిలి పైదాన్ని కోసే లో-పాస్, అందులో గట్టిగా కోసే 24 డీబీ రకం ఎంచుకోండి. కోత మొదలయ్యే చోటు, అదే కటాఫ్‌ని, 400 హెర్ట్జ్ దగ్గరికి దించేయండి. శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు అయిపోతుంది, కంగారు పడకండి, కావాల్సింది అదే. ఇప్పుడు ఫిల్టర్‌కి ఒక ఎన్వలప్, అంటే సమయంతో పాటు అది ఎలా తెరుచుకుని మూసుకోవాలో చెప్పే గీత, కలపండి: అటాక్ (పైకి ఎక్కే సమయం) సెకనున్నర, డికే (అక్కడి నుంచి దిగే సమయం) మూడు సెకన్లు, సస్టెయిన్ (మీట పట్టుకున్నంతసేపు నిలిచే స్థాయి) సగానికి కొంచెం తక్కువ, రిలీజ్ (మీట వదిలాక ఆగే సమయం) నాలుగు సెకన్లు. శబ్దం స్థాయికి పెట్టే ఎన్వలప్ మాత్రం వేరుగా ఉండాలి, దాని అటాక్ అర సెకను చాలు. ఈ రెండూ వేర్వేరుగా నడవడమే కీలకం. ముందు శబ్దం వస్తుంది, వెలుగు తర్వాత వస్తుంది. తెల్లవారుజామున గదిలో వస్తువులు మొదట ఆకారాలుగా కనబడి రంగులు తర్వాత తేలతాయి కదా, అలా.

చివరగా వైటల్‌లో ఉన్న రాండమ్ మాడ్యులేటర్‌ని, అంటే విలువని ఇష్టం వచ్చినట్టు కదిపేదాన్ని, తీసుకుని రెండో ఆసిలేటర్ శ్రుతికి చాలా కొద్దిగా, రెండు మూడు సెంట్లు, చాలా నెమ్మదిగా తగిలించండి. సీఎస్-80లో వేడికి జారిపోయే శ్రుతికి ఇది బదులు. వినబడీ వినబడనట్టు ఉండాలి. వినబడితే ఎక్కువైనట్టే.

ఇదంతా పావుగంట పని. కానీ ఇక్కడితో ఆపేస్తే మీ ప్యాడ్ 'బాగుంది' దగ్గర ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌కి తగిలించే మీ చిన్న మిడి కీబోర్డ్ మీద మాడ్ వీల్, అంటే ఎడమ పక్కన తిప్పే చక్రం, ఉందని రాశారు. దాన్ని ఫిల్టర్ కటాఫ్‌కి కలపండి, వైటల్‌లో దాని గుర్తుని పట్టి లాగి నాబ్ మీద వదిలితే అయిపోతుంది. కుడి చేత్తో సా-పా పట్టుకోండి, ఎడమ చెయ్యి వీల్ మీద. ఇక పది నిమిషాలపాటు ఆ రెండు స్వరాలు తప్ప ఇంకేమీ వాయించకండి. వీల్‌ని మెల్లగా తెరవండి, ఎక్కడ గుండె కొంచెం పట్టేసినట్టు అనిపిస్తుందో అక్కడ ఆపి, వెనక్కి రండి. నేను కొత్తవాళ్లతో మొదటి వారమంతా ఇదే చేయిస్తాను. విసుక్కుంటారు. మూడో రోజుకి వాళ్ల చెయ్యి తనంతట తానే పాటగాడి ఊపిరిలా నడవడం మొదలవుతుంది, అది చూసినప్పుడల్లా నాకు సంతోషమే. మీ కీబోర్డ్‌లో ఒత్తిడిని పట్టే మీటలు లేకపోయినా, సీఎస్-80లో వేలు చేసిన పని ఇక్కడ ఎడమ చెయ్యి చేస్తుంది. మాడ్ వీల్ కదలికని కూడా రికార్డ్ చేయండి, తర్వాత మౌస్‌తో గీయకండి. మౌస్ గీసిన గీత తిన్నగా ఉంటుంది, చెయ్యి ఎప్పుడూ అలా నడవదు.

ఒక సాంకేతిక సంగతి, ఇది తేల్చుకోకపోతే పైన చెప్పిందంతా వృథా. మీట నొక్కిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తోందని మీరు మధ్యలో ఒక మాట రాశారు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫర్, అంటే శబ్దాన్ని పంపే ముందు కంప్యూటర్ పోగుచేసుకునే ముక్క, ఎంతుందో చూడండి. 48,000 శాంపిల్ రేటులో (సెకనుకి 48,000 శాంపిళ్లు) 1024 శాంపిళ్ల బఫర్ ఉంటే అక్కడే 21 మిల్లీసెకన్లు పోతాయి, 128కి దించితే మూడు కన్నా తక్కువ. విండోస్ అయితే ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవర్ పెట్టుకోండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో మాత్రం వాయించకండి, వాటి ఆలస్యం తరచుగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది, చెయ్యి ఒకచోట, శబ్దం ఇంకోచోట. మీ 40,000లో ఏదైనా ఖర్చు పెట్టాలనుంటే ముందు మంచి వైరు హెడ్‌ఫోన్స్ కొనండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు.

రివర్బ్, అంటే పెద్ద గదిలో మోగినట్టు శబ్దం తిరిగి రావడం, గురించి తక్కువ చెప్తాను, ఎందుకంటే అందరూ దీని మీదే ఎక్కువ సమయం పెడతారు. బ్లేడ్ రన్నర్‌లో ఆ విశాలత చాలావరకు లెక్సికాన్ 224 అనే డిజిటల్ రివర్బ్ నుంచి వచ్చింది. మీకు వల్హల్లా సూపర్‌మాసివ్ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. దాన్ని సింథ్ ట్రాక్ మీద నేరుగా పెట్టకుండా సెండ్‌గా, అంటే సింథ్ శబ్దంలో కొంత పంపే విడి ట్రాక్‌లో పెట్టి, ఆ రివర్బ్‌లో 250 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి. బురద పోతుంది. ముందు రివర్బ్ లేకుండానే ప్యాడ్ బాగుండాలి, ఆ తర్వాతే వేయండి.

ఇక షార్ట్ ఫిల్ము. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. అయిదారేళ్ల కిందట కృష్ణానగర్‌లో ఒక చిన్న గదిలో ఒక షార్ట్ ఫిల్ముకి ఆర్ఆర్ చేస్తున్నాం. సీను ఇది: ఆసుపత్రి బయట బెంచీ మీద ఒక తండ్రి, హాస్టల్లో ఉన్న కూతురికి ఫోన్ చేసి, లోపల భార్యకి ఎలా ఉందో చెప్పకుండా "అన్నం తిన్నావా?" అని అడుగుతాడు. అంతే. నేను తొమ్మిది ట్రాకులు వేశాను, రెండు ప్యాడ్‌లు, ఒక బెల్ సౌండ్, వెనక తీగ వాయిద్యాలు, కింద బేస్. డైరెక్టర్ విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అన్నా, ఆయన మాట మునిగిపోతోంది" అన్నాడు. ఒక్కొక్కటీ మ్యూట్ చేసుకుంటూ వచ్చాం. చివరికి ఒకే ఒక్క ప్యాడ్ మిగిలింది, మంద్ర షడ్జమం ఒక్కటే స్వరం, ఫిల్టర్ దాదాపు మూసేసి. ఆయన ప్రశ్న అడిగి అవతల నుంచి జవాబు వినే నాలుగు సెకన్లలో నేను వీల్‌ని కొంచెం తెరిచాను, ఆయన ఊపిరి వదలగానే మూసేశాను. ఒకే టేకు. సినిమాలో ఉన్నది అదే. గదిలో ఉన్న ముగ్గురికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

దాని వెనక లెక్క కూడా ఉంది. మాటలో హల్లులు స్పష్టంగా వినిపించేది సుమారు 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య. మీ ప్యాడ్ ఫిల్టర్ 400, 500 దగ్గర ఆగితే మాటకి దారి ఖాళీగా ఉంటుంది. మాట లేనిచోట తెరుచుకోవచ్చు. అంటే ఫిల్టరే మీ వాల్యూమ్ నాబ్, ట్రాక్ శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడర్ కాదు. ఫేడర్ తగ్గిస్తే సంగీతం ఎక్కడికో వెళ్లిపోయినట్టు ఉంటుంది, ఫిల్టర్ మూస్తే అక్కడే ఉండి తల వంచుకున్నట్టు ఉంటుంది.

టెంపో ఎలా పెట్టాలని అడిగారు. పాటకి పెట్టినట్టు ఇష్టం వచ్చింది పెట్టి తర్వాత బొమ్మకి అతికించొద్దు. సీను మొదలు నుంచి మీకు దెబ్బ పడాల్సిన కట్ ఎన్ని సెకన్లకి వస్తుందో చూడండి. 42 సెకన్లు అనుకోండి. 80 బీపీఎమ్‌లో, అంటే నిమిషానికి 80 బీట్లు, ఒక బీట్ 0.75 సెకను, నాలుగు బీట్ల బార్ మూడు సెకన్లు, సరిగ్గా 14 బార్లకి కట్ మీద పడతారు. రేపు ఎడిటర్ రెండు సెకన్లు కోసి 40 చేశాడు, ఇది తప్పకుండా జరుగుతుంది, అప్పుడు టెంపోని 84 చేయండి, అదే 14 బార్లు 40 సెకన్లలో కూర్చుంటాయి. ఇంకోటి, నడకకి నాలుగు బీట్లే దిక్కు కాదు. దర్శకుడు జాన్ కార్పెంటర్ 1978లో తన 'హాలోవీన్' అనే భయానక సినిమాకి ఐదు బీట్ల నడక పెట్టాడు, చిన్నప్పుడు వాళ్ల నాన్న బోంగోల మీద నేర్పిన నడక అది. తక్కువ ఖర్చుతో తీసిన సినిమా, సంగీతం కూడా తనే చేసుకున్నాడు. నాలుగుకి అలవాటుపడిన చెవికి ఐదో బీట్ దగ్గర కాలు తడబడుతుంది, భయం అక్కడ పుడుతుంది. ఖండచాపు తాళం వేస్తూ పెరిగిన మనకి ఐదు పరాయిది కాదు, అదే ఐదుని భయానికి కాకుండా వేరే భావానికి వాడగలిగేదీ మనమే.

రాగాల సంగతి. ఇముడుతాయా అనే అనుమానమే అక్కర్లేదు, ఈ పని మన దేశంలో ఎప్పుడో మొదలైంది. అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో 1969లోనే అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మోగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టించాడు, అక్కడ మనవాళ్లు టేపుల మీద ప్రయోగాలు చేశారు. 1982లో బొంబాయి సినిమా సంగీతంలో వాయించే చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ జూపిటర్-8 సింథ్, టీబీ-303 బేస్ యంత్రం, టీఆర్-808 డ్రమ్ యంత్రం పెట్టుకుని పది రాగాల్ని డిస్కో బీట్ మీద వాయించి ఎల్పీ చేశాడు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఐదేళ్ల తర్వాత షికాగోలో అదే 303తో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టింది. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలైనప్పుడు ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. 303లో స్లైడ్ అని ఒకటి ఉంటుంది, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. మన చెవికి అది జారు గమకమే, ఆయనకి ఆ యంత్రం అంత సులభంగా లొంగడానికి ఇదే కారణమని నా నమ్మకం.

మీరు చేయాల్సింది: ప్యాడ్‌ని తంబురా స్థానంలో ఉంచండి, రాగం ఒక్క గొంతు సింథ్‌తో పాడించండి. వైటల్‌లో వాయిసెస్ 1 చేసి, లెగాటో (స్వరాలు తెగకుండా కలిసిపోయే తీరు) ఆన్ చేసి, గ్లైడ్ (స్వరం జారే సమయం) 80 మిల్లీసెకన్ల దగ్గర పెట్టండి. శ్రుతిని వంచే చక్రం, అదే పిచ్ బెండ్, పరిధి రెండు అర స్వరాలు. కార్డులు మారుస్తూ వెళ్లకండి. కింద కార్డ్ మారిందంటే పైన అదే గాంధారం వేరే అర్థంలో వినిపిస్తుంది, రాగం చెదిరిపోతుంది. మీ సినిమాలో ఎదురుచూపు సీను ఉందన్నారు, శుభపంతువరాళి ప్రయత్నించండి, సి నుంచి అయితే సి, డి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి, ఎ ఫ్లాట్, బి. కింద సా-పా ప్యాడ్. హిందోళం ఎంచుకుంటే మాత్రం జాగ్రత్త, అందులో పంచమం లేదు. ప్యాడ్‌లో సా-పా పట్టుకుంటే రాగం మెడ మీద చెయ్యి వేసినట్టే, సా-మ పట్టుకోండి. హిందుస్తానీవాళ్లు మాల్కౌన్స్‌కి తంబురా పంచమం తీగని మధ్యమానికి దించేది ఇందుకే.

గమకం కూడా చేత్తోనే. ఏ.ఆర్. రెహమాన్ సొంతంగా సినిమాలు చేయకముందు ఇళయరాజా గారి దగ్గర, రాజ్-కోటి గార్ల దగ్గర కీబోర్డ్ వాయించారు. సౌండ్ల ఎంపిక గురించి అందరూ మాట్లాడతారు గానీ, అన్నేళ్లు వేరేవాళ్ల పాటలకి వాయించిన చెయ్యి గురించి మాట్లాడరు. ఎడమ చేత్తో బెండ్ వీల్ పట్టుకుని, మీరు బాగా పాడగలిగే ఒక్క పల్లవిని తీసుకోండి. ముందు నోటితో పాడండి, వెంటనే వాయించండి, రికార్డ్ చేసి రెండూ పోల్చుకోండి. ఎక్కడ మీ గొంతు స్వరాన్ని కింద నుంచి అందుకుందో అక్కడ వీల్ కూడా కింద నుంచి రావాలి.

డెలివరీ ముందు ఒక పరీక్ష. మిక్స్‌ని ఫోన్ స్పీకర్లో వినండి, షార్ట్ ఫిల్ము ఎక్కువమంది చూసేది అందులోనే. మీ మంద్ర షడ్జమం 65 హెర్ట్జ్ అయితే అక్కడ అసలు వినబడదు. వాల్యూమ్ పెంచితే ప్రయోజనం లేదు. ఆ ట్రాక్‌కి కొంచెం శాచురేషన్, అంటే శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్, వేయండి, 130, 195, 260 దగ్గర హార్మోనిక్స్ పుడతాయి, చెవి వాటినుంచి కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. మోనోలో, అంటే కుడి ఎడమలు ఒకటిగా కలిపి, కూడా ఒకసారి వినండి, స్టీరియోలో వెడల్పుగా ఉన్న ప్యాడ్ మోనోలో సగానికి సగం మాయమైపోతే వెడల్పు తగ్గించాలి. ఫైలు 48,000 శాంపిల్ రేటు, 24 బిట్‌లో ఇవ్వండి, ఎడిటర్‌కి మళ్లీ మార్చే పని ఉండదు.

ఈ వారం ఎదురుచూపు సీను ఒక్కటి తీసుకుని, ఒక ప్యాడ్, ఒక్క గొంతు, ఈ రెండు ట్రాకులతోనే చేసి ఇక్కడ పెట్టండి. కట్ ఎన్నో సెకనుకి వస్తుందో, ఏ బీపీఎమ్ పెట్టారో రాయండి. వీల్ ఎక్కడ తెరుస్తున్నారో, ఎక్కడ తొందరపడుతున్నారో విని చెబుతాను.